సిలిండర్ తలరాత చదివారా?

"షెడ్డు ఎత్తేస్తున్నా అన్నా, సామానంతా బేరం పెట్టా" అనే మాట మా ఆటోనగర్‌లో తరచూ వినపడేదే. వెల్డింగ్ మిషను, కేబుళ్ళు, గ్రైండరు చూసుకుని కొనేయండి. చెడితే రిపేరు చేయించుకోవచ్చు. మూలన గొలుసేసి నిలబెట్టిన ఆక్సిజన్ సిలిండర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగండి. అది ఒకసారి వాడి పారేసేది కాదు, పదేపదే నింపించుకోవాల్సింది. ఫిల్లింగ్ ప్లాంటు వాళ్ళు కాదన్నారంటే మీ చేతిలో మిగిలేది యాభై కిలోల పైచిలుకు తుక్కే.

మా దగ్గర పని నేర్చుకుని సొంత షెడ్డు పెట్టుకున్న కుర్రాడొకడు తళతళలాడే నల్లరంగు చూసి సిలిండర్ కొనేశాడు. ప్లాంటులో పెద్దాయన రంగు వంక చూడనే లేదు. మెడ కింద వేలితో తడిమి, "తమ్ముడూ, నంబరేదీ?" అన్నాడు. పెయింటు గోకితే గ్రైండరు గీతలు బయటపడ్డాయి. నింపలేదు సరికదా, ఎక్కడ కొన్నావు, ఎవరి దగ్గర కొన్నావు అంటూ ఆ పూటంతా ప్రశ్నలే.

సిలిండర్ తలరాత వాల్వు కింద, భుజం మీద చెక్కి ఉంటుంది. తయారుచేసిన కంపెనీ గుర్తు, సీరియల్ నంబరు, ఐఎస్ఐ గుర్తు, ఖాళీ బరువు, నీటి కొలత, టెస్ట్ ప్రెషరు, టెస్టు చేసిన నెల, సంవత్సరం. గుడ్డతో తుడిచి, టార్చి లైటు పక్కనుంచి వేసి చదవండి. ఆక్సిజన్, ఆర్గాన్ సిలిండర్లకు అయిదేళ్ళకోసారి హైడ్రో టెస్టు తప్పదు. గడువు దాటితే టెస్టు ఖర్చు బేరంలో తగ్గించమనండి. అంతకంటే మేలు, ముందు టెస్టు చేయించి తెమ్మనండి. ఫెయిలైతే ఆ నష్టం అమ్మేవాడిది.

నాకు బాగా నచ్చిన పరీక్ష కాటా. ఖాళీ సిలిండర్ బరువు చెక్కిన అంకె కంటే 5 శాతానికి మించి తగ్గితే దాన్ని మళ్ళీ నింపకూడదని నిబంధన. 55 కిలోలని చెక్కి ఉండి 52 తూగితే, లోపల తుప్పు ఇనుమును తినేసిందన్నమాట. అయితే గ్యాసుతో తూస్తే మోసపోతారు. 7 ఘనమీటర్ల ఆక్సిజనే తొమ్మిది కిలోల పైన ఉంటుంది. వాల్వు తెరిచి వదిలేసిన సిలిండర్‌ని ఇంకా అనుమానించండి, గాలిలో తేమంతా లోపలికి చేరి ఉంటుంది. వాల్వు మీద గ్రీజు, ఆయిలు మరక కనపడితే బేరం అక్కడితో ఆపేయండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే నిప్పు లేకుండానే అంటుకోవచ్చు.

రంగును నమ్మి కొనకండి. ఆక్సిజన్‌కి నలుపు, ఆర్గాన్‌కి నీలం, డీఏకి (అంటే ఎసిటిలిన్‌కి) మెరూన్ అని అందరికీ తెలుసు, రంగు డబ్బా కూడా అందరికీ దొరుకుతుంది. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లకు రంగు మార్చి ఆక్సిజన్ సిలిండర్లుగా అమ్మిన వాళ్ళను ఢిల్లీలో పోలీసులు పట్టుకున్నారు.

ఇక అసలు చిక్కు: సిలిండర్ అమ్మేవాడిదేనా? చాలా సిలిండర్లు గ్యాసు కంపెనీలవే, షాపుల వాళ్ళు డిపాజిట్ కట్టి అద్దెకు తెచ్చుకుంటారు. "డిపాజిట్ కట్టా కదన్నా, నాదే" అంటాడు. కాదు, డిపాజిట్ కట్టినంత మాత్రాన సొంతం కాదు. కొన్న బిల్లు చూపించమనండి, బిల్లులో నంబరూ భుజం మీద నంబరూ ఒకటేనో కాదో చూడండి. డబ్బు ఇవ్వకముందే భుజానికి ఫొటో తీసి, మీరు నింపించుకునే ప్లాంటుకి వాట్సాప్‌లో పంపి, "ఇది నింపుతారా బాబాయ్?" అని అడగండి. వాళ్ళు అవునన్నాకే బేరం మొదలు.

డీఏ సిలిండర్ మాత్రం ఎవరో ఇంట్లో అమ్ముతుంటే కొనొద్దంటాను. దాని లోపల రంధ్రాల పదార్థం, అసిటోన్ ఉంటాయి. ఆ పదార్థం కుంగిందో విరిగిందో బయటి నుంచి చూసి చెప్పలేం. డీలరు దగ్గర అద్దెకు తెచ్చుకోవడమే నయం. పడుకోబెట్టి తెచ్చిన డీఏ అయితే నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే వాల్వు ముట్టుకోండి, లేకపోతే అసిటోన్ హోస్ పైపులోకి వస్తుంది.

ఆక్సిజన్ సిలిండర్ నచ్చి కొన్నారనుకోండి, రెగ్యులేటర్ విప్పి, వాల్వు టోపీ బిగించి, ఆటో ట్రాలీలో నిలబెట్టి తాళ్ళతో కట్టించి తెచ్చుకోండి. బైకు వెనక అడ్డంగా పెట్టుకుని పోయేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు గుండె జారుతుంది.