లంగరు వేయకుండా పడవను ఆపడం ఎలా?

మారిషస్‌లో మాయేబూర్ పట్టణానికి దగ్గరలో బ్లూ బే అనే చోటు ఉంది. మీలో కొందరు అక్కడ అద్దపు అడుగుగల పడవ ఎక్కి, నీటిలోని పగడాలను చూచి ఉంటారు.

పగడం ఉత్త రాయి కాదు. లెక్కలేనన్ని చిన్న ప్రాణులు కలిసి కట్టుకొన్న ఇల్లు అది. గుండ్రని పగడాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. ఈ పగడపు దిబ్బలు చేపలకు నీడనిస్తాయి. పెద్ద అలల వేగాన్ని తగ్గించి మన తీరాన్ని కాపాడతాయి.

పడవను ఒకచోట నిలపాలంటే లంగరు వేస్తారు. లంగరు అంటే బరువైన ఇనుప కొక్కెం. అది పగడం మీద పడితే, ఎన్నో ఏళ్ళు పెరిగిన కొమ్మ ఒక్క క్షణంలో విరిగిపోతుంది. గాలి మారితే పడవ తిరుగుతుంది. దానితోపాటు గొలుసు కూడా నేలను రాచుకొంటూ తిరుగుతుంది. సముద్రపు గడ్డి ఉన్నచోట అది గడ్డిని వేళ్ళతో సహా పెకలిస్తుంది. గుంజకు కట్టిన ఆవు తాడు అందినంతవరకు మేసినట్లు, అక్కడ గుండ్రని బోడినేల మిగులుతుంది.

మరి పడవవారు ఏం చేయాలి? వారికీ బతుకుతెరువు కావాలి కదా!

1981లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, కీ లార్గో వద్ద జాన్ హాలస్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం చేశాడు. పగడాలు లేని రాతిలో రంధ్రం తొలిపించి, అందులో ఉక్కు కడ్డీని సిమెంటుతో బిగించాడు. కడ్డీకి పైన ఒక కన్ను ఉంటుంది. దానికి తాడు కట్టి, తాడు పైకొనకు బోయాను తగిలించాడు. బోయా అంటే నీటిపై బంతిలా తేలే వస్తువు. తాడు నేలను తాకదు. పడవవాడు బోయాకే పడవను కట్టుకొంటాడు. లంగరుతో పనే లేదు!

ఇసుకనేలలో అయితే మరమేకులాంటి పెద్ద ఉక్కు కడ్డీని తిప్పి దింపుతారు. తాడు నేలకు రాసుకోకుండా మధ్యలో చిన్న తేలుడు బంతిని కడతారు. అయితే తాళ్ళు అరిగిపోతాయి కనుక వాటిని తరచు పరీక్షించాలి. బోయా తట్టుకోలేనంత పెద్ద పడవను దానికి కట్టరాదు.

బ్లూ బేను 1997లో జాతీయ ఉద్యానంగానూ, 2000లో సముద్ర ఉద్యానంగానూ ప్రకటించారు. దాని విస్తీర్ణం 353 హెక్టార్లు. అందులో పడవలు కట్టుకొనేందుకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది.

ఈసారి మీరు పడవ ఎక్కినప్పుడు, అది దేనికి కట్టి ఉందో గమనించండి. పగడాలపై కాలు పెట్టకండి. పడవకు బోయా ఎంత అవసరమో, మన తీరానికి పగడం అంత అవసరం.

ప్రశ్నలు
1. లంగరు గొలుసు వలన సముద్రపు గడ్డికి కలిగే హాని ఏమిటి?
2. బోయా తాడు నేలను ఎందుకు తాకరాదు?
3. పగడపు దిబ్బల వలన మనకు కలిగే మేలు ఏమిటి?