కాలి రక్తనాళానికి చికిత్స అయ్యాక మళ్ళీ పరీక్షలెందుకు?

కాలి ధమనిలో అడ్డంకికి స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ చేయించుకున్నవారు "నొప్పి పోయింది కదా, మళ్ళీ ఎందుకు రావాలి?" అని మమ్మల్ని అడుగుతుంటారు. స్టెంటు లోపల, కుట్లు పడిన చోట నాళపు లోపొర మందమై దారి మళ్ళీ ఇరుకు కావచ్చు. ఎక్కువగా ఇది మొదటి సంవత్సరంలోనే, ఒక్కోసారి ఏ నొప్పీ లేకుండానే జరుగుతుంది. పూర్తిగా మూసుకుపోకముందే కనిపెడితే సరిచేయడం తేలిక.

అందుకని చీలమండ దగ్గరి బి.పి.ని చేతి బి.పి.తో భాగించి చూస్తాము. 0.9 కంటే తక్కువైతే రక్తం సరిగా అందడం లేదన్నమాట. గతసారి కంటే 0.15 తగ్గినా డాప్లర్ స్కాన్ చేయిస్తాము. సుగర్ వ్యాధి ఉన్నవారిలో నాళాలు గట్టిపడి ఈ లెక్క మోసం చేస్తుంది. వారికి కాలి బొటనవేలి దగ్గర కొలవాలి. కాలి సిరతో బైపాస్ అయినవారికి సాధారణంగా 1, 3, 6, 12 నెలలకు, ఆపైన ఏడాదికొకసారి పరీక్ష ఉంటుంది.

ఆస్పిరిన్, కొలెస్టరాల్ మాత్రలు సొంతంగా ఆపవద్దు. చుట్ట మానకుండా స్కానుకు మాత్రం ఠంచనుగా వచ్చేవారూ ఉన్నారు!

ఇంటి నుండి చర్చి దాకా ఆగకుండా నడిచేవారు దారిలో పిక్క పట్టేసి ఆగవలసివస్తే, ఇచ్చిన తేదీ కోసం చూడకుండా రండి. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే తెల్లవారేదాకా ఆగకండి. కొన్ని గంటల్లోనే కాలు పోయే ప్రమాదముంది.