లీకు పట్టేవాడిదే గిరాకీ: ఏసీ, హీట్‌పంప్ టెక్నీషియన్‌గా కెరీర్

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. చెన్నై కోడంబాక్కంలో ఆ రోజుల్లో ఏసీ మెకానిక్‌ ఫోనుకు ఊపిరాడదు. ఆర్కాట్ రోడ్డు సందుల్లో ఏ అపార్ట్‌మెంటు వెనక్కి వెళ్లి తలెత్తినా గోడకు వరసగా వేలాడే అవుట్‌డోర్ యూనిట్లే కనిపిస్తాయి. ఒకప్పుడు నెల్లూరు, ఒంగోలు, తెనాలి నుంచి రైలెక్కి వచ్చిన తెలుగు కుర్రాళ్లు ఇక్కడి వాహిని, ఏవీఎం, ప్రసాద్ స్టూడియోల గేట్ల ముందు అవకాశం కోసం నిలబడేవారు. తెలుగు సినిమా హైదరాబాద్‌కు తరలిపోయింది. డబ్బింగ్ గదులు, ఆసుపత్రులు, హాస్టళ్లు, ఇళ్లు ఇక్కడే ఉన్నాయి. వాటన్నిటికీ చల్లగాలి కావాలి, చాలావాటికి వేడినీళ్లూ కావాలి. ఈ రెండూ ఒకే చదువుతో చేయగల పనులని పదో తరగతి దాటిన పిల్లల్లో చాలామందికి తెలియదు.

వేడిని మోసే యంత్రం

ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. గదిలోని వేడిని గ్యాస్ ద్వారా తీసుకెళ్లి బయట పారేస్తుంది. అదే చక్రాన్ని తిరగేస్తే బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది. అప్పుడు దాని పేరు హీట్‌పంప్. ఉత్తరాదిలో అమ్ముడయ్యే ‘హాట్ అండ్ కోల్డ్’ ఏసీల్లో ఈ దారి మార్చేది రివర్సింగ్ వాల్వ్ అనే చిన్న భాగం. అమెరికాలో చాలా ఇళ్లకు పెరట్లోనో కప్పు మీదో ఒకే పెట్టె ఉంటుంది. కంప్రెసర్, రెండు కాయిళ్లు, ఫ్యాన్లు అన్నీ అందులోనే ఉంటాయి. అక్కడి నుంచి డక్టుల ద్వారా ఇంటికంతటికీ వేసవిలో చల్లగాలి, చలికాలంలో వేడిగాలి వెళతాయి. దాన్నే ప్యాకేజ్డ్ హీట్‌పంప్ అంటారు. మనకు తెలిసిన విండో ఏసీ కూడా ఒక ప్యాకేజ్డ్ యూనిట్టే.

చెన్నైలో గది వెచ్చబెట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు. ఇక్కడ హీట్‌పంప్ వచ్చింది నీళ్ల కోసం. మొదట హోటళ్లు, ఆసుపత్రులు, హాస్టళ్లు పెట్టించుకున్నాయి, ఇప్పుడు ఇళ్లలోకీ వస్తోంది. ఎందుకో లెక్క వేసి చూడండి. 200 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవడానికి దాదాపు 6.3 యూనిట్ల వేడి కావాలి. గీజర్ అయితే అంత కరెంటూ మీటర్లో తిరగాల్సిందే. తిన్న కరెంటుకు మూడు రెట్ల వేడినిచ్చే హీట్‌పంప్‌కు రెండు యూనిట్ల చిల్లర చాలు. బయటి గాలి ఎంత వెచ్చగా ఉంటే దానికి పని అంత తేలిక. చెన్నై గాలికి ఆ లోటు లేదు.

ఏం చదవాలి?

దగ్గరి దారి ఐటీఐ. రిఫ్రిజరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ ట్రేడ్ రెండేళ్ల కోర్సు. సైన్స్, మ్యాథ్స్‌తో పదో తరగతి పాసైతే చేరవచ్చు. చివర్లో ఆలిండియా ట్రేడ్ టెస్ట్ పాసైనవారికి నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. కోడంబాక్కం స్టేషన్‌లో తాంబరం వైపు లోకల్ ఎక్కితే మాంబలం, సైదాపేట దాటాక గిండి వస్తుంది. ప్రభుత్వ ఐటీఐ, నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ రెండూ అక్కడే ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులు సొంత రాష్ట్రంలోనే ఐటీఐ చదివి, పని కోసం చెన్నై రావచ్చు. సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్‌ను వదులుకోవద్దు. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద కంపెనీ మీకు స్టైపెండ్ ఇవ్వాలి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో కేంద్రం కూడా అందులో కొంత భరిస్తుంది. పైచదువు ఆశ ఉన్నవారు లాటరల్ ఎంట్రీ ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో ఇంజినీరింగ్‌కూ దారి ఉంది. బోధన మీద ఇష్టముంటే ఏడాది క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ పూర్తిచేసి ఐటీఐల్లో పాఠాలు చెప్పవచ్చు.

బిగింపు: మెట్లు కొలవడంతో మొదలు

కోడంబాక్కంలో మూడంతస్తుల పాత ఫ్లాట్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని మిద్దె మీద, నీళ్ల ట్యాంకూ కలిసే ఉన్న 200 లీటర్ల ప్యాకేజ్డ్ హీట్‌పంప్ బిగించాలనుకుందాం. మంచి టెక్నీషియన్ ముందురోజే వెళ్లి మెట్ల మలుపు కొలుస్తాడు. ఎందుకంటే ఈ పెట్టెను నిలువుగానే మోయాలి. పడుకోబెడితే కంప్రెసర్ నూనె పైపుల్లోకి చేరుతుంది. వంచక తప్పకపోతే నిలబెట్టాక నూనె మళ్లీ కిందికి దిగేదాకా, కంపెనీ పుస్తకంలో చెప్పినంత సేపు ఆగి స్విచ్ వేయాలి.

తర్వాత స్లాబు చూడాలి. ట్యాంకు నిండితే నీళ్ల బరువే రెండు క్వింటాళ్లు. కింద దూలం ఉన్నచోటు వెతకాలి, లేకపోతే సివిల్ ఇంజినీర్‌ను అడగాలి. ఆపైన గాలి సంగతి. ఈ యంత్రం గాలిలోంచి వేడి లాగేసి చల్లగాలిని వదులుతుంది. ఇరుకు అలమరాలో పెడితే తాను వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటూ సతమతమవుతుంది. చుట్టూ ఖాళీ వదలాలి.

ప్యాకేజ్డ్ యూనిట్‌లో గ్యాస్ ఫ్యాక్టరీలోనే నింపి సీల్ చేస్తారు. బిగించేటప్పుడు దాని జోలికే వెళ్లరు. అందుకే ఇక్కడ సగం పని ప్లంబింగ్, సగం ఎలక్ట్రికల్. విడిగా ఎంసీబీ, నమ్మదగిన ఎర్తింగ్, చల్లనీళ్ల పైపులో నాన్‌రిటర్న్ వాల్వ్, ట్యాంకుకు ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ ఉండాలి. ఆ రిలీఫ్ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు కారుతున్నాయని ఎండ్ క్యాప్ బిగించేవాళ్లున్నారు. ట్యాంకు పేలకుండా కాపాడేది అదే. దానికి ఎప్పుడూ మూత వేయకూడదు. కాయిల్ మీద పట్టిన తేమ పోవడానికి డ్రైన్ పైపుకు వాలు ఇవ్వాలి. ఆఖర్న ట్యాంకు నింపి, వేడినీళ్ల కుళాయి తిప్పి, గాలి బుడగలు పోయి ధార నిలకడగా వచ్చాకే కరెంటు ఇవ్వాలి. ఖాళీ ట్యాంకుతో స్విచ్ వేస్తే మొదటిరోజే రిపేరు.

ఏడాదికోసారి సర్వీసు చేయాలి. చెన్నై బోరునీళ్లలో ఉప్పెక్కువ, సున్నపు పొర కడుతుంది. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును తాను తిని కరిగిపోవడం దాని ధర్మం. అది అరిగిపోయిందో లేదో విప్పి చూడాలి. కాయిల్ దుమ్ము కడిగి, రిలీఫ్ వాల్వ్ మీట ఎత్తి పరీక్షించాలి.

సర్వీసు: ‘గ్యాస్ అయిపోయింది’ అనే మాట

ఇక స్ప్లిట్ ఏసీ. ఈ పనిలో ఎక్కువగా వినిపించే మాట: “ప్రతి వేసవికీ గ్యాస్ పట్టిస్తున్నామండీ.” సీల్ చేసిన పైపుల్లో తిరిగే గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా గ్యాస్ నింపిన మెకానిక్, వచ్చే ఏడాది మళ్లీ రావడానికి తలుపు తెరిచి ఉంచుకున్నట్టే.

కుర్ర మెకానిక్ రాగానే గేజ్ తీస్తాడు. పక్కనున్న పెద్దాయన, “తమ్ముడూ, గేజ్ తర్వాత. ముందు ఫిల్టర్ తియ్యి” అంటాడు. ఫిల్టర్ శుభ్రం, ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. లోపలికి వెళ్లే గాలి 28 డిగ్రీలు, బయటికొచ్చేది 22. తేడా చాలదు. కాయిల్ ఒక పక్కనే మంచు కట్టింది. క్లాంప్ మీటర్‌లో ఆంపియర్లు తక్కువ. గేజ్ పెట్టకముందే అనుమానం గ్యాస్ మీదికి పోయింది, గేజ్ దాన్ని ఖాయం చేసింది. ఇప్పుడు వెతుకులాట. అవుట్‌డోర్ వెనక పైపును బిగించే ఫ్లేర్ నట్ కింద నూనె మరక, దాని మీద దుమ్ము. సబ్బునురగ పూస్తే ఆవగింజంత బుడగ లేచింది. దొంగ దొరికాడు.

పైపు కొస కోసి కొత్త ఫ్లేర్ చేయాలి. టార్క్ రెంచ్‌తో బిగించాలి. నైట్రోజన్ ఎక్కించి ముల్లు కదలకుండా నిలుస్తోందేమో చూడాలి. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి 500 మైక్రాన్ల కిందికి దించాలి. పైపుల్లో మిగిలిన తేమ కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లమవుతుంది, కంప్రెసర్ ఆయుష్షు తింటుంది. చివరగా యూనిట్ మీద అచ్చయిన బరువు ప్రకారం, తూకం వేసి గ్యాస్ నింపాలి. చేత్తో పైపు తడిమి చల్లబడిందని తేల్చే రోజులు పోయాయి.

గ్యాసులు మారుతున్నాయి, చదువు ఆగదు

పాత ఏసీల్లోని ఆర్-22 ఓజోన్ పొరకు చేటు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2030కి మన దేశంలో దాని వాడకానికి తెర పడుతుంది. సర్వీసు కోసం కొద్దిపాటి కోటా మాత్రమే మరికొన్నేళ్లు మిగులుతుంది. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌ను వదిలేసినా భూతాపాన్ని పెంచుతుంది. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే ఆ ప్రభావం రెండు వేల రెట్లకు పైన. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే ఆర్-32కు అది 675 రెట్లు. ఆర్-290 అంటే ప్రొపేన్, దాని ప్రభావం నామమాత్రం, కానీ భగ్గుమంటుంది. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలీలో కుదిరిన సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం 2028లో ఆర్-410ఏ, ఆర్-32 లాంటి గ్యాసుల వాడకాన్ని కట్టడి చేసి, 2032 నుంచి తగ్గిస్తూ, 2047కి 85 శాతం కోత వేయాలి.

ఈ రోజు ఐటీఐలో చేరే విద్యార్థి రిటైరయ్యేలోపు కనీసం రెండు మూడు గ్యాసులు మారతాయి. 2019 మార్చిలో కేంద్రం విడుదల చేసిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఇలాంటి స్వల్పకాలిక శిక్షణలు మీ ప్రాంతానికి వస్తే వదలకండి.

ప్రాణం ముందు, కూలింగ్ తర్వాత

లీకు పరీక్షకు నైట్రోజన్ లేదని ఆక్సిజన్ ఎక్కిస్తే కంప్రెసర్ నూనెతో కలిసి పేలుతుంది. గ్యాస్‌ను అవుట్‌డోర్ యూనిట్‌లోకి చేర్చే పంప్‌డౌన్ సమయంలో వదులు నట్టులోంచి గాలి లోపలికి పీలిస్తే అదీ పేలుడుకే దారి. ఆర్-32, ఆర్-290 ఉన్నచోట కిటికీలు తెరవాలి, సిగరెట్, లైటర్ దగ్గరికి రాకూడదు. ఇన్వర్టర్ ఏసీ బోర్డు మీది కెపాసిటర్లలో ప్లగ్ పీకాక కూడా మూడు వందల వోల్టులకు పైగా డీసీ కాసేపు నిలిచి ఉంటుంది. మీటర్‌తో చూడకుండా చెయ్యి పెట్టకూడదు. నాలుగో అంతస్తు సన్‌షేడ్ మీదికి సేఫ్టీ బెల్టు లేకుండా దిగమంటే దిగనని చెప్పండి. ఓనరు విసుక్కున్నా ఫరవాలేదు.

ఉద్యోగాలెక్కడ?

మొదటిది, కంపెనీల సర్వీస్ ఫ్రాంచైజీలు. చెన్నై పేటల్లో ఇవి చాలా ఉన్నాయి, వేసవికి ముందు మనుషుల కోసం వెతుకుతుంటాయి. రెండోది, ఆసుపత్రులు, హోటళ్లు, ఐటీ భవనాల మెయింటెనెన్స్ విభాగాలు. ఇక్కడ షిఫ్టులుంటాయి, జీతం నెలనెలా వస్తుంది. మూడోది, ఫ్యాక్టరీలు. చెన్నైకి ఉత్తరాన తడ దగ్గర, తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ కంపెనీలు 2023లో ఏసీల ప్లాంట్లు ప్రారంభించాయి. ఎల్‌జీ ప్లాంటుకు 2025 మేలో శంకుస్థాపన జరిగింది. నాలుగోది, రైల్వే. టెక్నీషియన్, అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్లలో ఈ ట్రేడ్‌వారికీ అర్హత ఉంటుంది.

గల్ఫ్‌లోనూ ఈ పనికి ఏడాదంతా గిరాకీయే. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్లండి. విజిట్ వీసా మీద ఉద్యోగమని చెప్పేవాళ్లను నమ్మవద్దు. అమెరికాలో గ్యాస్ ముట్టుకోవాలంటే అక్కడి పర్యావరణ సంస్థ ‘సెక్షన్ 608’ పరీక్ష పాసవ్వాలి.

సొంతంగా పెట్టుకోవాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. చెన్నైలో ఈ పని మార్చి నుంచి జూన్ దాకా పొంగుతుంది, అక్టోబరు వానలతో చల్లబడుతుంది. వేసవి సంపాదనను పన్నెండు నెలలకు పంచుకోవాలి. హీట్‌పంప్, గీజర్ పని నేర్చినవాళ్లకు వానాకాలంలోనూ చేతిలో కాల్స్ ఉంటాయి. అందుకే రెండూ నేర్చుకోమంటున్నాం. కోడంబాక్కంలో తెలుగు మాట్లాడే కస్టమర్లు ఇంకా ఉన్నారు. అయినా పనికి సరిపడా తమిళం మూడు నెలల్లో పట్టేయండి. జబ్బేమిటో కస్టమర్‌కు అర్థమయ్యేలా చెప్పగలిగినవాడికే రెండోసారి ఫోన్ వస్తుంది.

ఇప్పుడే చేయండి

ఈ ఏడాది పది పాసైన పిల్లలు ఐటీఐ అడ్మిషన్ల ప్రకటన కోసం మీ జిల్లా ఉపాధి, శిక్షణ శాఖ కార్యాలయంలో కనుక్కోండి. ఐటీఐ చివరి ఏడాదిలో ఉన్నవారు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. ఇప్పటికే ఎవరి దగ్గరో హెల్పర్‌గా ఉన్నవారు, మీ మెకానిక్ గ్యాస్ నింపే ముందు లీకు వెతుకుతున్నాడా లేదా గమనించండి. వెతకనివాడైతే గురువును మార్చండి. మొదటి సంపాదన చేతికి రాగానే ఫోన్ మార్చాలనిపిస్తుంది. ముందు మంచి వాక్యూమ్ పంపు కొనండి.