మామ్మ లెక్క

డిసెంబరు 25 క్రిస్మస్. వారం తర్వాత జనవరి 1, కొత్త సంవత్సరం.

గుంటూరు జిల్లాలో ఒక పల్లె. అక్కడ ఒక మామ్మ ఉంది. ఆమెకు 65 ఏళ్లు. క్రిస్మస్‌కు ఇంటి ముందు కాగితం నక్షత్రం కడతారు. కొడుకులు, కోడళ్లు, మనవలు వస్తారు. అరిసెలు వండుతారు. అందరూ కొత్తబట్టలు కట్టుకుని చర్చికి పోతారు. ఇల్లు కళకళలాడుతుంది.

కాని మామ్మ మనసులో దిగులు. పోయిన పండుగకు పెద్దకొడుకు 5,000 రూపాయలు అప్పు తెచ్చాడు. వడ్డీ నెలకు నూటికి 3 రూపాయలు.

"మూడే గదా!" అనుకున్నారు అందరూ.

మామ్మ పలక మీద లెక్క వేసింది. నెలకు వడ్డీ 150. ఏడాదికి 1,800. అసలు అట్లాగే ఉంది!

"పశువుల పాకలో పుట్టిన ప్రభువు పండక్కి అప్పెందుకురా?" అంది. కొడుకు తల దించుకున్నాడు.

"పిల్లలకి కొత్తబట్టలు వద్దా అత్తమ్మా?" అని కోడలు అడిగింది.

"వద్దనటం లేదమ్మా. ముందు దాచుకుందాం. తర్వాత కొందాం."

డిసెంబరు 31 రాత్రి అందరూ చర్చిలో ప్రార్థన చేశారు. తెల్లవారింది. మామ్మ కొత్త నోటుపుస్తకంలో "జనవరి 1 – 10 రూపాయలు" అని రాసింది. రోజుకు 10 అయితే ఏడాదికి 3,650. ముందు పాత అప్పుకు కట్టాలి. మిగిలింది పండక్కి.

1990ల్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకొక రూపాయి దాచారు. పొదుపు సంఘాలు నడిపారు. మనమూ దాచలేమా?

ఆలోచించండి, రాయండి:
1. మీ ఇంట్లో పండుగ ఖర్చు ఎంత? అందులో అప్పు ఎంత?
2. నూటికి 2 రూపాయల వడ్డీ అయితే 5,000కు ఏడాదికి ఎంత?