కళ్ళు మూసుకుంటే రూపం కనబడలేదా?



ధ్యానంలో కూర్చున్నప్పుడు "బుద్ధుని రూపాన్ని మనసులో చూడండి" అని కొందరు చెప్తుంటారు. కొందరికి ఆ రూపం మార్కాపురం పలక మీద గీసినట్టు స్పష్టంగా కనబడుతుంది. కొందరికి మసకగా ఉంటుంది. ఇంకొందరికి చీకటి తప్ప ఏమీ ఉండదు. వాళ్ళు "నాకు శ్రద్ధ లేదేమో, ధమ్మం ఒంటబట్టలేదేమో" అని లోలోపల కుమిలిపోతుంటారు. ఇది న్యాయమేనా? పరీక్షించి చూద్దాం.

ముందు మీరే చేసి చూడండి. కళ్ళు మూసుకుని కంభం చెరువు కట్టను తలచుకోండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా మనసుతోనే చూసుకుంటూ పోండి. రెప్పల కింద కనుగుడ్డు కదిలినట్టు మీకు తెలియవచ్చు. 1997లో బ్రాంట్, స్టార్క్ అనే పరిశోధకులు ఈ కదలికనే కొలిచారు. గళ్ళ బొమ్మ చూపించి, తీసేసి, తలచుకోమన్నారు. చూసేటప్పుడు కళ్ళు తిరిగిన దారికీ, తలచుకునేటప్పుడు తిరిగిన దారికీ పోలిక కనబడింది.

మెదడు సంకేతాలూ ఉన్నాయి. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు విద్యుత్ సంకేతాలను తొలిసారి నమోదు చేశాడు. కళ్ళు మూసుకుని ఊరికే ఉంటే సెకనుకు సుమారు 10 సార్లు లేచే ఆల్ఫా అల తల వెనక భాగంలో బలంగా వస్తుంది. కళ్ళు తెరిస్తే తగ్గిపోతుంది. కళ్ళు మూసుకునే బొమ్మను ఊహించినా అది తగ్గడం పరిశోధకులు గమనించారు.

మరి బొమ్మే రానివాళ్ళ సంగతి? ఈ స్థితికి 2015లో బ్రిటన్ వైద్యుడు ఆడం జెమన్ బృందం 'అఫాంటేసియా' అని పేరు పెట్టింది. 2022లో ఆస్ట్రేలియా పరిశోధకులు కంటిపాపను కొలిచారు. వెలుగుగా ఉన్న ఆకారాన్ని ఊహిస్తే మామూలువాళ్ళ కంటిపాప చిన్నదైంది. అఫాంటేసియా ఉన్నవాళ్ళలో ఆ మార్పు రాలేదు. అయితే ఒకటికి బదులు నాలుగు ఆకారాలు ఊహించమంటే వాళ్ళ పాపలూ పెద్దవయ్యాయి. మనసు కష్టపడుతున్నప్పుడు అలా అవుతుంది. అంటే వాళ్ళు ప్రయత్నించారు, బొమ్మే రాలేదు. దీన్ని శ్రద్ధ లేకపోవడం అని ఎట్లా అంటాం?

అమరావతి తొలినాటి శిల్పాలు చూడండి. అక్కడ బుద్ధుడికి మనిషి రూపం లేదు. పాదముద్రలు, ధమ్మచక్రం, ఖాళీ ఆసనం ఉన్నాయి. ఆనాపానసతికి శ్వాస చాలు, బొమ్మ అక్కర్లేదు. పంచశీలకు అసలే అక్కర్లేదు.

కాబట్టి వచ్చే పౌర్ణమికి మీ ఊళ్ళో ధ్యానం చేయించేవారు ఒక్క మాట కలిపి చెప్పండి: "రూపం వస్తే చూడండి, రాకపోతే శ్వాసను గమనించండి." వెనక వరసలో కూర్చున్న అక్కో, పెద్దాయనో తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు.