కడుపుబ్బరం: ట్రోకార్ ఎప్పుడు, ఎవరి చేత?

పాడి పశువుకు హఠాత్తుగా వచ్చే ఆపదలలో కడుపుబ్బరం ముఖ్యమైనది. ఉదయం పాలిచ్చిన గేదె మధ్యాహ్నానికి చనిపోవచ్చు. ఆ తొందరలో "పొడిస్తే గాలి పోతుంది" అని కత్తి అందుకునేవారున్నారు. అది ఎందుకు కూడదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎందుకు వస్తుంది?

మేత పెద్ద పొట్టలో పులిసినప్పుడు గాలి పుడుతుంది. పశువు దానిని త్రేన్పులతో వదిలేస్తుంది. లూసర్న్, బర్సీమ్ వంటి లేత పప్పుజాతి మేతను ఆకలి మీద అతిగా తింటే గాలి నురగలో చిక్కుకుపోతుంది. గొంతులో టెంకో, దుంపో అడ్డుపడినా గాలి బయటకు రాదు. ఎడమ డొక్క ఉబ్బి, తడితే డోలులా మోగుతుంది. పొట్ట ఊపిరితిత్తులను నొక్కడంతో పశువు నోరు తెరచి రొప్పుతుంది.

ట్రోకార్ అంటే ఏమిటి?

ఇది మూడు అంచుల పదునైన మొన గల ఉక్కు చువ్వ. దానిపై బిగువుగా అమరే గొట్టం పేరు కాన్యులా. పశువైద్యుడు రెంటినీ కలిపి ఎడమ డొక్కలో, చివరి పక్కటెముకకు తుంటి ఎముకకు నడుమ గుచ్చి, చువ్వను తీసివేస్తాడు. లోపల నిలిచిన గొట్టం గుండా గాలిని కొద్దికొద్దిగా వదులుతాడు.

కత్తికి ఈ గొట్టం లేదు. పొట్టలోని పులిసిన మేత కడుపులోకి చిందుతుంది. అప్పటికి ఉబ్బరం తగ్గినా, తరువాత లోపల చీము పట్టి పశువు దక్కకపోవచ్చు. నురగ ఉబ్బరంలో ట్రోకార్ కూడా అంతగా పనిచేయదు. నురగ గొట్టాన్ని పూడ్చేస్తుంది. అందుకే వైద్యుడు వీలైతే ముందు నోటి గుండా గొట్టం వేస్తాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడే ట్రోకార్ పడతాడు.

మనం చేయవలసినవి

1. మేత ఆపి, వెంటనే పశువైద్యునికి కబురు చేయండి.
2. ముందుకాళ్లు ఎత్తులో ఉండేలా నిలబెట్టండి.
3. పచ్చిమేత వల్ల ఉబ్బి, పశువు చక్కగా మింగగలుగుతుంటే, పెద్ద పశువుకు 250 నుంచి 500 మి.లీ. వంటనూనె నెమ్మదిగా పట్టండి. నాలుక లాగరాదు, తల ఎక్కువగా ఎత్తరాదు. నూనె ఊపిరితిత్తులలోకి పోతుంది. గొంతులో అడ్డుపడిందనిపిస్తే ఏదీ పట్టరాదు.

అన్నిటికంటే మేలైనది నివారణ. ముందుగా ఎండుగడ్డి వేసి, పచ్చిమేతను వాడ్చి, చొప్పతో కలిపి పెట్టండి. ఆకలి మీద ఉన్న పశువును తడి పైరులోకి వదలకండి. ట్రోకార్ అవసరం రాకుండా చూసుకోవడమే మన చేతిలోని పని.