కొత్త ప్లేట్లు, పాత కొలతలు



నీ ఉత్తరం అందింది. యమహా వైజెడ్250కి క్లచ్ ఫ్రిక్షన్ ప్లేట్లు మార్చానని రాశావు. మార్చకముందు రేజ్ ఇస్తే ఇంజన్ అరుపే తప్ప బండి లాగేది కాదు. మార్చాక ఆ స్లిప్ పోయింది గానీ క్లచ్ ఫ్రీ కావడం లేదు. లివర్ పూర్తిగా పట్టినా ఫస్ట్ గేర్లో బండి ముందుకు పాకుతోంది, ఆగినచోట న్యూట్రల్ దొరకడం లేదు. తెచ్చిన ప్లేట్లు నకిలీవేమోనని నీ అనుమానం, వాపసు ఇచ్చేద్దామని నీ ఆలోచన. ఆ తొందర వద్దు. ప్లేట్లు మార్చిన వెంటనే వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ వాటికి కారణం కొత్తగా వేసిన సామాను కాదు, మార్చకుండా వదిలేసిన సామాను. అరిగిన ప్లేట్లకు సరిపోయేలా సర్దిన కేబుల్, వాటితో పాటు కాగిన స్టీల్ ప్లేట్లు, పాత ఫ్రిక్షన్ ప్లేట్ల దెబ్బలు తిన్న బాస్కెట్ (ప్లేట్లను చుట్టి ఉండే గిన్నె), అన్నీ పాత లెక్కలోనే ఉన్నాయి. ఆ లెక్కను ఇప్పుడు కొత్త మందానికి కుదర్చాలి.

ముందు క్లచ్ లోపల ఎంత తక్కువ చోటు ఉంటుందో అర్థం చేసుకో. ఎనిమిది ఫ్రిక్షన్ ప్లేట్లు, వాటి మధ్య ఏడు స్టీల్ ప్లేట్లు అనుకుందాం. మొదటిదీ చివరిదీ ఫ్రిక్షన్ ప్లేటే కాబట్టి అటు హబ్, ఇటు ప్రెషర్ ప్లేటు కలుపుకుంటే రాసుకునే జాగాలు పదహారు. లివర్ మొత్తం పట్టినప్పుడు ప్రెషర్ ప్లేటు లేచేది ఇంచుమించు ఒకటిన్నర మిల్లీమీటరు. దాన్ని పదహారు చోట్లకు పంచితే ఒక్కో చోట 0.1 మి.మీ. కూడా రాదు. వెంట్రుక మందమంత ఖాళీ. క్లచ్ ఫ్రీ కావడం అంటే ఆ పదహారు చోట్లా ఆ కాస్త ఖాళీ ఏర్పడటమే. లివర్ దగ్గర నష్టపోయినా, ఒక ప్లేటు వంకరగా ఉన్నా, ప్లేటు అంచున ఉండే ఒక చెవి బాస్కెట్ గాటులో ఇరుక్కున్నా పోయేది ఈ ఒకటిన్నరలోంచే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఎక్కడ వెతకాలో, ఏది ముందు చూడాలో నీకే తెలుస్తుంది.

మొదట చూడాల్సింది కేబుల్. నీ బండిలో పుష్ రాడ్ మెయిన్ షాఫ్ట్ మధ్యలోంచి వెళ్లి ప్రెషర్ ప్లేటును బయటికి తోస్తుంది. ప్లేట్లు అరిగేకొద్దీ దొంతర పలచబడుతుంది, ప్రెషర్ ప్లేటు లోపలికి జరిగి రాడ్డును వెనక్కి నెడుతుంది, దాంతో లివర్ దగ్గర ప్లే, అంటే లివర్ ఊరికే కదిలే వదులు, తగ్గుతుంది. అలా తగ్గినప్పుడల్లా బండి నడిపేవాళ్లు అడ్జస్టర్ తిప్పి కేబుల్ వదులు చేస్తూ వస్తారు, అది సరైన పనే. ఇప్పుడు నువ్వు పూర్తి మందమున్న ప్లేట్లు వేశావు. పాత ప్లేటు ఒక్కొక్కటి 0.1 మి.మీ. అరిగి ఉన్నా ఎనిమిదింటికి కలిపి 0.8 మి.మీ. ఆ మేరకు ప్రెషర్ ప్లేటు బయటికి జరిగింది, కేబుల్ మాత్రం పాత వదులులోనే ఉండిపోయింది. లివర్ లాగుడులో మొదటి భాగమంతా వదులు లాగడానికే ఖర్చయిపోతే లేవాల్సిన ఒకటిన్నరలో సగానికి పైగా పోయినట్టే. అందుకే ఇంజన్ కవర్ జోలికి వెళ్లకముందే ప్లే కొలువు. లివర్ చివర యమహా ఈ తరగతి బళ్లకు సుమారు 10 మి.మీ., హోండా చాలా మోడళ్లకు 10 నుంచి 20 మి.మీ. ఉండాలంటారు. నీ బండి మాన్యువల్లో ఉన్న అంకెనే పాటించు. హ్యాండిల్ దగ్గరి అడ్జస్టర్‌ను దాదాపు పూర్తిగా లోపలికి తిప్పేసి, పెద్ద సర్దుబాటంతా కేబుల్ మధ్యనున్న అడ్జస్టర్ దగ్గర చెయ్యి. తర్వాత హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి చూడు, ప్లే మారకూడదు. మారితే కేబుల్ ట్యాంకు కింద ఎక్కడో బిగుసుకుంటోంది. పాకుడు ఆపాలన్న ఆత్రంలో ప్లే మొత్తం తీసేయకు. ప్లే లేకపోతే రాడ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటును కాస్త తోస్తూనే ఉంటుంది, స్ప్రింగుల బలం ప్లేట్లకు పూర్తిగా అందదు, కొత్త ప్లేట్లు స్లిప్ అయి కాలిపోతాయి.

పాత ప్లేట్లతో క్లచ్ చక్కగా ఫ్రీ అయ్యేదని, కాబట్టి తప్పు కొత్తవాటిదేనని నువ్వు వాదించవచ్చు. పాత మందానికి కేబుల్ సర్ది ఉంది గనుక ప్రెషర్ ప్లేటు పూర్తిగా లేచేది, చిన్న వంకరలూ గాట్లూ ఆ చోటులో దాగిపోయాయి. కొత్త మందం వచ్చాక దాగే చోటు లేదు. ప్లేట్లు నిజంగానే తప్పు కొలతవి అయ్యే అవకాశం ఉంది, బయటి కంపెనీల సెట్లలో అది లేకపోలేదు. కానీ దాన్ని అనుమానంతో కాదు, వెర్నియర్‌తో తేల్చాలి. ఒక్కో ప్లేటు మందం, తర్వాత మొత్తం దొంతర ఎత్తు కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చి చూడు. తేడా కనబడితే అప్పుడు నిశ్చింతగా వాపసు ఇవ్వు. రన్నింగ్‌లో అదే సర్దుకుంటుందనే మాట కూడా నీ చెవిన పడుతుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కొత్త ఫ్రిక్షన్ ముఖాలు కుదురుకోవడానికి కొద్దిపాటి నడక కావాలి, చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి ప్లేట్లను అంటిపెట్టుకుంటుంది. అందుకే పరీక్ష ఇంజన్ వేడెక్కాకే చెయ్యి. బండిని స్టాండ్ మీద వెనక చక్రం లేచేలా నిలిపి, ఫస్ట్ గేర్ వేసి లివర్ పట్టు. చక్రం మెల్లగా తిరిగితే కంగారు పడకు, ఆయిల్ ఈడ్పుకు అలా తిరుగుతుంది. వెనక బ్రేకు నొక్కితే ఇంజన్ తడబడకుండా చక్రం ఆగాలి. ఇంజన్ ఆగిపోయిందంటే అది సర్దుకునే రకం కాదు. ఈడ్చే ప్లేట్లు వేడి పుట్టిస్తాయి, ఆ వేడికి స్టీల్ ప్లేట్లు ఇంకా వంగుతాయి. నడిపేకొద్దీ రోగం ముదురుతుందే గానీ తగ్గదు.

ఆయిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నీది టూ స్ట్రోక్ గనుక గేర్‌బాక్సుకూ క్లచ్‌కూ కలిపి వేరే ఆయిల్ ఉంటుంది. చాలా ఫోర్ స్ట్రోక్ బళ్లలో ఇంజన్ ఆయిలే క్లచ్‌లోనూ తిరుగుతుంది. ఏదైనా సరే, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అన్నది తడి క్లచ్ (ఆయిల్లో తిరిగే క్లచ్) లేని స్కూటర్ల కోసం. కారు ఆయిళ్లలో ఇంధనం ఆదా చేయడానికి జారుడు పెంచే మందులు కలుపుతారు, వాటితో క్లచ్ స్లిప్ అవుతుంది. కొందరు ఆ స్లిప్‌కు గట్టి స్ప్రింగులు వేసి మందు వేశామనుకుంటారు. వేలు నొప్పి పుడుతుంది, కారణం అలాగే ఉంటుంది. ఫ్రిక్షన్ ప్లేట్లు వేసేముందు రాత్రంతా ఆయిల్లో నానబెట్టే అలవాటు మంచిదే. అసలు ముఖ్యం, ఏ ముఖమూ పొడిగా లోపలికి వెళ్లకపోవడం.

కేబుల్ సరిచేశాక కూడా పాకుతుంటే అప్పుడు కవర్ విప్పు. బండిని ఎడమవైపుకు ఒరిగించి పడుకోబెడితే ఆయిల్ తీయాల్సిన పని ఉండదు. స్ప్రింగ్ బోల్టులు ఒక్కోటి కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా వదులు చెయ్యి. స్టీల్ ప్లేట్లు తీసి కిరసనాయిల్‌తో శుభ్రంగా తుడిచి ఒక్కోదాన్ని మందపాటి అద్దం మీద పెట్టి, అంచు చుట్టూ ఫీలర్ గేజ్ దూర్చు. హద్దు 0.1 నుంచి 0.3 మి.మీ. దాకా బండిని బట్టి మారుతుంది. పైన చేసిన లెక్క గుర్తుందా? 0.2 మి.మీ. వంగిన ప్లేటు ఒక్కటే రెండు జాగాల ఖాళీని మింగేస్తుంది. నీలిరంగు తిరిగినవాటిని మళ్లీ వేయకు. డబ్బు కలిసొస్తుందని ఫ్రిక్షన్ ప్లేట్లు మాత్రమే మార్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. స్టీల్ ప్లేట్లు ప్రెస్‌లో కోసినవి కాబట్టి ఒకవైపు అంచు పదునుగా, రెండోవైపు గుండ్రంగా ఉంటుంది. వేలు పోనిస్తే తెలుస్తుంది. అన్నింటినీ ఒకే దిక్కుకు పెట్టు. కొన్ని బళ్లలో ఒక ఫ్రిక్షన్ ప్లేటు లోపలి వ్యాసం పెద్దది, దాని లోపల పళ్లెంలా వంగిన సన్నని జడ్డర్ స్ప్రింగ్ కూర్చుంటుంది. ఆ ప్లేటును వేరే వరసలో వేసినా, స్ప్రింగును తిరగేసినా క్లచ్ సరిగా ఫ్రీ కాదు. స్ప్రింగులు బిగించేముందు ప్రెషర్ ప్లేటును చేత్తో నొక్కి పట్టుకుని చూడు, హబ్ పళ్లలోకి పూర్తిగా దిగాలి. దిగకుండా బోల్టులతో లాగితే హబ్ పగులుతుంది. మెయిన్ షాఫ్ట్ లోపలి చిన్న బాల్ విప్పేటప్పుడు రాడ్డుతో పాటు జారిపోలేదు కదా? అది లేకపోతే కేబుల్ ఎంత బిగించినా ప్రెషర్ ప్లేటు చాలినంత లేవదు. బోల్టులు చిన్నవి, 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు, అంతకు మించి బలం పెట్టకు.

చివరగా బాస్కెట్. నీ బండి వయసు చూస్తే నాకు ఎక్కువ అనుమానం దీనిమీదే. ఫ్రిక్షన్ ప్లేట్ల చెవులు రేజ్ ఇచ్చినప్పుడల్లా, వదిలినప్పుడల్లా బాస్కెట్ అల్యూమినియం వేళ్లను కొడుతుంటాయి. కొట్టినచోట మెట్లలా గాట్లు పడతాయి. పాత చెవులు తాము తొలిచిన గాట్లలో తామే కుదురుకుని ఉండేవి. కొత్త చెవులు వచ్చి ఆ గట్లకు తట్టుకుని విడిపోవు. వేలిగోరు మెల్లగా పోనిచ్చి చూడు. గోరు కాస్త తడబడే గాటైతే సన్నని ఆకురాయితో వేళ్లన్నింటినీ సమానంగా, తక్కువగా సాపు చెయ్యి. ఆ రజను ఒక్క రేణువు కూడా గేర్‌బాక్సులోకి పోకుండా బాస్కెట్‌ను బయటికి తీసే ఆ పని చెయ్యి. గోరు దిగబడిపోయేంత లోతుంటే ఆకురాయి పెట్టకు. అంత రాస్తే చెవికీ వేలికీ మధ్య సందు పెరిగి కొట్టుడు ఇంకా ఎక్కువవుతుంది. హబ్ పళ్లనూ ఇలాగే చూడు, అక్కడ స్టీల్ ప్లేట్ల గాట్లు పడతాయి. బాస్కెట్ కొనాల్సి వస్తే వెనక ప్రైమరీ గేర్‌తో కలిపి వచ్చేదా, ఒట్టి బాస్కెటా అని ముందే కనుక్కో. ఒట్టిదైతే పాత గేరును విప్పి దానికి ఎక్కించాలి. మధ్యలోని రబ్బరు కుషన్లు గట్టిపడి ఉంటే అప్పుడే అవీ మార్చెయ్యి.